ధర 199, ప్రతులు ఒకటి

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా అక్క కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగింది. పెసరట్టు వేస్తానే అంటే, 'ముందు ఇది నింపు పిన్నీ' అని ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. చూస్తే ప్రశ్నాపత్రం. మొదటి ప్రశ్నే వయసు. 13–15, 16–17, 18–19 అని మూడు గడులు. నాకు నలభై ఏడు. ఏ గడిలో దూరాలో తెలియక బిక్కమొహం వేస్తే, పిల్ల తలెత్తకుండానే దారి చూపించింది: 'పదహారు పెట్టెయ్. పదహార్లు తక్కువ పడుతున్నాయి.'

ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక్క నొక్కుతో రాలిపోయాయి. ఫేషియళ్ళకు వేలు పోసేవాళ్ళంతా పాపం మీడియా రీసెర్చ్ సంగతి తెలియక పోస్తున్నారు.

పిల్ల చదివేది హైదరాబాదు చివర గుట్టలు తొలిచి కట్టిన ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో. పేరు చెప్పను. లోపల గుర్రపుస్వారీ నేర్పిస్తారు. బయట ఫీజు కౌంటర్ దగ్గర నిలబడేవి మాత్రం గాడిదలే అని మా బావగారు తన మీద తానే జోకు వేసుకుంటుంటారు. అక్కడ కేంబ్రిడ్జి వాళ్ళ ఏ లెవెల్ మీడియా స్టడీస్ ఉంది. అందులో పిల్లలు సినిమా మొదటి సీనైనా తియ్యాలి, లేదా కొత్త పత్రికైనా తయారుచెయ్యాలి. పత్రికంటే బెదిరిపోకండి. ముఖచిత్రం, విషయసూచిక, లోపల రెండు పేజీల కథనం. అంతే. మిగతా పేజీలు ఉన్నట్టు నటిస్తే చాలు. ఫోటోలూ రాతా సొంతవి కావాలి. వీటన్నిటికీ ముందు రీసెర్చ్, దాని వెనక ప్లానింగ్. మావాళ్ళ బృందం ఎంచుకున్నది టీనేజ్ ఫ్యాషన్ పత్రిక.

చదువు మీద నాకు పేచీ లేదు. పత్రిక అనే వంట ఏ పొయ్యి మీద ఉడుకుతుందో పదహారేళ్ళకే తెలిస్తే మంచిదే. నాకు పాతికేళ్ళు దాటాక తెలిసింది, తెలిసి బాగుపడిందీ లేదు. నా పేచీ అంతా ఆ రీసెర్చ్ అనే మాటతో.

పిల్లకి సాయంత్రానికల్లా ముప్పై మంది జవాబులు కావాలి. ఎందుకంత తొందరే అంటే, ఆ జవాబుల్ని బట్టి గియ్యాల్సిన పై చార్టులు గురువారమే గీసేసిందట. ముప్పై మందిలో ఇరవై ఒక్కరికి గులాబీ రంగు ఇష్టమనీ, పద్దెనిమిది మంది నెలకు అయిదు వేల పైన తగలేస్తారనీ బొమ్మ అప్పుడే తేల్చేసింది. ఇక ఆ ఇరవై ఒక్కర్నీ ఆ పద్దెనిమిది మందినీ పట్టి తేవడమే మిగిలింది. వడలు వేయించేసి ఆనక పప్పు నానబోసే వంట ఇది. 'నువ్వు గులాబీలోకి రా, నీలం ఫుల్ అయిపోయింది' అని నన్ను బస్సు కండక్టర్‌లా సర్దింది.

ప్రశ్నలు కూడా చూడండి. మూడో ప్రశ్న: ఫ్యాషన్ మీద నెలకు మీ ఖర్చెంత? రెండు వేల లోపు, రెండు నుంచి అయిదు వేలు, అయిదు వేల పైన. సున్నా అనే గడి లేదు. 'అమ్మ కొంటుంది' లేదు. 'అక్క విడిచినవి నాకొస్తాయి' అసలే లేదు. ఏడో ప్రశ్న ఇంకా సొగసు: మా పత్రిక మీకు ఎందుకు నచ్చుతుంది? (అ) స్టైలిష్‌గా ఉంటుంది కనక, (ఆ) ట్రెండీగా ఉంటుంది కనక, (ఇ) పై రెండూ. నచ్చకపోవడానికి రాజ్యాంగబద్ధమైన మార్గం లేదు. ఇంకా పుట్టని పత్రిక, చూడని పత్రిక, అప్పుడే మనకి నచ్చేసింది. ఆలు లేదు చూలు లేదు కానీ కొడుకు పేరు సోమలింగమనీ, వాడికి గులాబీ రంగు చొక్కా నప్పుతుందనీ తేలిపోయింది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళది పాలమూరు వైపు. అతని కూతురు సర్కారు బడిలో పదో తరగతి. పార్కింగ్‌లో మూలన మెట్ల కింద వాళ్ళమ్మ కుట్టుమిషన్. మా అయిదంతస్తుల ఆడవాళ్ళ ఫాల్సూ, పీకోలూ, బిగుతైన జాకెట్ల కుట్లు విప్పడాలూ అన్నీ అక్కడే. ఆ పిల్ల కూడా కుడుతుంది. బడి నుంచి రాగానే హుక్సులూ కాజాలూ దానివే. పదహారేళ్ళ జవాబుదారు ఒకతె నిజంగానే మెట్ల కింద ఉందని మా పిల్లకు నేనే చెప్పి పంపాను, తోడుగా నేనూ దిగాను.

'నెలకెంత అంటే ఏం రాయాలె ఆంటీ?' అంది ఆ పిల్ల పెన్ను పట్టుకుని. 'దసరాకొక జత, పుట్టినరోజుకొక జత. పండుగ లేని నెలల ఏముంటది?'

పత్రికలో ఏముంటే బాగుంటుంది అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆ పిల్ల ఆగలేదు. గడులు చాలక కాగితం వెనక్కి తిప్పింది. నాలుగు మీటర్ల గుడ్డలో లంగా, జాకెట్ రెండూ వెళ్ళాలంటే ఎట్లా పరిచి కత్తిరించాలి? పొట్టిదైపోయిన చుడీదార్ చేతులకు అతుకు వేస్తే అతుకని తెలియకుండా, కావాలని పెట్టిన బార్డర్ లాగా కనపడాలంటే ఏ రంగు తీసుకోవాలి? అమ్మ పాత చీరతో అనార్కలి కుడితే కొంగు ఎక్కడికి రావాలి? మ్యాచింగ్ సెంటర్ వాడు ట్యూబ్‌లైట్ కింద చూపించిన లైనింగ్ గుడ్డ ఎండలోకి తెస్తే ఎందుకు వేరే రంగవుతుంది? (ఆ చివరి ప్రశ్నకు జవాబు దొరికితే నాకూ చెప్పండి. మ్యాచింగ్ సెంటర్ గడప మీద నిలబడి, జాకెట్ ముక్కను ఆకాశానికెత్తి చూడని తెలుగు ఆడది ఉంటే ఆమెకు నా నమస్కారం.)

నాకు తెలిసి ఏ ఆదివారం అనుబంధం ఎడిటోరియల్ మీటింగులోనూ ఒక్క పూటలో ఇన్ని పనికొచ్చే శీర్షికలు రాలలేదు. మా పిల్ల ఆ కాగితాన్ని చదివి, లాప్‌టాప్‌లో 'ఇతరములు' అని కొట్టింది. ఎందుకే అంటే, 'ఆ అమ్మాయి ఈ గ్రేడ్ పిన్నీ. మా పత్రిక ఏ, బీ, సీ వన్ వాళ్ళకి' అంది.

నేను మొదట మార్కులనుకున్నాను. కాదు. బ్రిటన్‌లో నేషనల్ రీడర్‌షిప్ సర్వే వాళ్ళు పత్రికలు చదివే జనాన్ని ఇంటి పెద్ద ఉద్యోగాన్ని బట్టి మెట్లు కట్టి కూర్చోబెట్టారు. పై మేనేజర్లూ పెద్ద వృత్తులవాళ్ళూ ఏ. కింద రోజుకూలీలు, సర్కారు పింఛను మీద బతికేవాళ్ళు, పని లేనివాళ్ళు ఈ. నడుమ బీ, సీ వన్, సీ టూ, డీ. ఎవరికి ఏ ప్రకటన అమ్మాలో తేల్చుకోవడానికి ఆ దేశం వాళ్ళు ఆ దేశంలో వేసుకున్న నిచ్చెన అది. దాన్ని విమానంలో తెచ్చి మా పార్కింగ్‌లో వాల్చారు. నిచ్చెనమెట్లకు మనకేమన్నా కరువా? వేల ఏళ్ళుగా మనం ఎగుమతి చేయగలిగినంత సరుకు ఇంట్లోనే ఉందే! అయినా ఇంపోర్టెడ్ మెట్టుకున్న నునుపు వేరు. మన నిచ్చెన ఎక్కించి ఒక పిల్లను కింద కూర్చోబెడితే అన్యాయమంటారు, వాళ్ళ నిచ్చెన ఎక్కించి కూర్చోబెడితే ఆడియన్స్ ప్రొఫైల్ అంటారు.

అది చాలదన్నట్టు యంగ్ అండ్ రూబికమ్ అనే ప్రకటనల కంపెనీ మనుషుల స్వభావాన్ని ఏడు రకాలుగా కోసి పెట్టింది. అదీ సిలబస్‌తో పాటే వచ్చింది. పైకి ఎగబాకాలనుకునేవాళ్ళొక రకం, ఎగబాకేసినవాళ్ళొక రకం, నలుగురితో నారాయణ అనేవాళ్ళొక రకం, ఇలా. నన్ను ఎందులో వేశావే అంటే 'రిజైన్డ్' అంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినందుకేమో అనుకున్నాను. బతుకుతో రాజీపడి పాత రోజులు తలుచుకుంటూ కూర్చునే బాపతట. పదహారేళ్ళ గడిలో ఉన్నదాన్ని రిజైన్డ్ గడిలో ఎలా వేశావే అని అడిగితే, అది వేరే పట్టిక అంది.

ఇక్కడ పిల్లను తప్పుపట్టి లాభం లేదు. తాతల నాటి వంశాచారం ఇది. 1944 సెప్టెంబరులో, ప్రపంచయుద్ధం ఇంకా సాగుతుండగానే, అమెరికాలో 'సెవెంటీన్' పత్రిక మొదలైంది. సంపాదకురాలు హెలెన్ వాలెంటైన్, ప్రచారం చూసింది ఎస్టెల్ ఎల్లిస్. అప్పటి వ్యాపారులకు ఒక ధర్మసందేహం: ఈ పదహారేళ్ళ పిల్ల ఎవరు? చిన్నపిల్లల గౌను పట్టదు, తల్లి గౌను నప్పదు, దీన్ని ఏ కొట్టుకు తోలాలి? పత్రికవాళ్ళు సర్వే చేయించారు. పిల్లల్ని అడిగారు, తల్లుల్ని అడిగారు. వచ్చిన జవాబుల్ని పిండిలా కలిపి ఒక బొమ్మ చేసి, 'టీనా' అని నామకరణం చేశారు. టీనా హైస్కూలు పిల్ల. చేతిలో డబ్బులాడతాయి. పక్కింటి పిల్ల ఏం వేసుకుంటే అదే కావాలంటుంది. అమ్మ పర్సు సైతం ఆమె మాట జవదాటదు. ఈ బొమ్మను పట్టుకెళ్ళి వాళ్ళు చూపించింది పిల్లలకు కాదు, సబ్బులూ బూట్లూ లిప్‌స్టిక్కులూ అమ్మేవాళ్ళకు. వాళ్ళు కళ్ళకద్దుకున్నారు. ఆ తర్వాత పత్రిక నెలనెలా టీనా ఎలా ఉండాలో చెప్పింది, పిల్లలు అలా తయారయ్యారు, మళ్ళీ సర్వే చేస్తే టీనా అచ్చం అలాగే ఉందని తేలింది. శాస్త్రీయంగా.

అవతల సముద్రం దాటితే డండీలో డి.సి. థామ్సన్ కంపెనీ 1964లో 'జాకీ' పత్రిక పెట్టింది. గుర్రాల జాకీ కాదు, ఆడపిల్ల పేరు. బొమ్మల ప్రేమకథలు, పాప్ గాయకుల పోస్టర్లు, మొటిమల వైద్యం. ఏంజెలా మెక్‌రాబీ అనే బర్మింగ్‌హామ్ పరిశోధకురాలు 1978లో దాన్ని భూతద్దం కింద పెట్టి, ఇందులో ఆడపిల్లకు ప్రేమ తప్ప వేరే పని లేదే, పక్క పిల్ల స్నేహితురాలు కాదు, పోటీదారే అని విప్పి చూపించింది. ఆవిడ వ్యాసం ఇప్పుడు మా పిల్లకు పాఠం. జాకీలో పిల్లలు తమ గోడు వెళ్ళబోసుకోడానికి క్యాథీ, క్లేర్ అని ఇద్దరు అక్కయ్యలుండేవారు. సంచులకొద్దీ ఉత్తరాలొచ్చేవి. ఆ క్యాథీ ఎవరో, క్లేర్ ఎవరో అంటే ఎవరూ కాదు. ఆఫీసులో ఆ వారం ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళే క్యాథీ, వాళ్ళే క్లేర్.

ఈ సంగతి మా పిల్ల ఆశ్చర్యపోతూ చెబుతుంటే నేను పెసరట్టు తిప్పే నెపంతో అటు తిరిగాను. దొంగ అక్కయ్యలైనా వాళ్ళకొచ్చిన ఉత్తరాలు నిజమైనవి. నేను ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో 'మీ అందం, మీ సందేహం' బాపతు శీర్షిక ఆరేళ్ళు నడిపాను. ప్రశ్నలూ నావే, జవాబులూ నావే. ఒక సోదరి, తెనాలి. పేరు రాయని పాఠకురాలు, కరీంనగర్. పక్క పేజీలో పట్టుచీరల షోరూము ప్రకటన పడితే, తెనాలి సోదరికి సరిగ్గా ఆ వారమే పట్టుచీర మడతలు పోకుండా దాచడమెలా అన్న బెంగ పట్టుకునేది. నగల దుకాణం వాళ్ళ ప్రకటనొస్తే కరీంనగర్ ఆవిడ మెడ పొట్టిదైపోయేది. కాబట్టి మా పిల్ల చార్టులు చూసి నాకు కోపం రాలేదు. వారసత్వం కళ్ళెదుట కనపడితే ఎవరికైనా వచ్చే నీరసమే వచ్చింది.

ఇంకో విడ్డూరం చెప్పాలి. ఈ పిల్లలు ఏ పత్రికల్ని చూసి సంప్రదాయాలు నేర్చుకుంటున్నారో ఆ పత్రికలకు తద్దినాలు పెట్టేశారు. జాకీ 1993లోనే పోయింది. బ్రిటన్ పిల్లలు ఎగబడి కొన్న 'షుగర్' 2011లో, 'బ్లిస్' 2014లో. అమెరికా 'టీన్ వోగ్' 2003లో పుట్టి 2017లో కాగితం మానేసి తెరలోకి వెళ్ళిపోయింది. కానీ సిలబస్‌కు ఆ కబురు చేరలేదో, చేరినా నమ్మలేదో. ముఖచిత్రం మీద పేరు పెద్దగా ఉండాలి, మోడల్ సూటిగా మన కళ్ళలోకి చూడాలి, ఎడమ పక్క శీర్షికలు వేలాడాలి, కింద తేదీ, ధర, బార్‌కోడ్ ఉండి తీరాలి. లేకపోతే కన్వెన్షన్ తప్పినట్టు.

బార్‌కోడ్ కూడా సొంతదే కావాలంటే ఎక్కణ్ణుంచి తేవడం? పిల్ల మా వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలో పొయ్యకుండా మిగిలిన పది రూపాయల బిస్కెట్ పొట్లం తిప్పి, దాని బార్‌కోడ్ ఫోటో తీసుకుంది. ఫోటో సొంతదే కదా. పైన 'ధర రూ. 199' అని కొట్టింది. ఆ 199 ఎలా వచ్చిందే అంటే రీసెర్చ్‌లో వచ్చిందంది. ఇది అచ్చయ్యేది ఒకే ఒక్క ప్రతి, పరీక్ష పెట్టేవాళ్ళ కోసం. బజార్లో పెట్టడానికి బడ్డీకొట్టు కూడా లేదు. మా వీధి చివర పేపర్ల కొట్టతను రెండేళ్ళ కిందటే సెల్‌ఫోన్ కవర్లకు మారిపోయాడు. వేలాడేసిన వారపత్రికల స్థానంలో ఇప్పుడు స్క్రీన్ గార్డులు వేలాడుతున్నాయి. అక్కడ ఇంకా అమ్ముడుపోయే పత్రికలు రెండే రకాలు, పంచాంగాలూ, పోటీపరీక్షల బిట్లూ.

ఒక్క ప్రతిని చిన్నచూపు చూస్తున్నాననుకోకండి. మేం డిగ్రీ చదివేటప్పుడు గుంటూరు హాస్టల్లో లిఖితపత్రిక నడిపాం. అదీ ఒకే ప్రతి. తెల్లకాగితాలు మధ్యకు మడిచి, దారంతో కుట్టి, బాగా రాసే పిల్ల చేత స్కెచ్ పెన్నుతో రాయించేవాళ్ళం. పది రూముల్లో తిరిగి వచ్చేసరికి మార్జిన్ల నిండా తిట్లుండేవి, ఒక పేజీ మీద మజ్జిగ పులుసు మరకుండేది, వార్డెన్ మీద వేసిన కార్టూన్ చింపేసి ఉండేది. ఆడియన్స్ ఫీడ్‌బ్యాక్ అంటే అది. అందులోనూ ఫ్యాషన్ పేజీ ఉండేది. ఓణీకి పిన్ను ఎక్కడ పెడితే సైకిల్ తొక్కినా జారదో బొమ్మ గీసి చెప్పిన సంచిక కోసం రెండు రూముల మధ్య కొట్లాటైంది. ఈ కాలంలోనూ అలాంటిది జరగదని కాదు. 2008లో షికాగో పక్కన ఓక్ పార్క్‌లో టావీ గెవిన్సన్ అనే పదకొండేళ్ళ పిల్ల తన వింత వింత బట్టల గురించి ఇంట్లోంచి ఇంటర్నెట్లో రాయడం మొదలెట్టింది. పదిహేనేళ్ళకు 'రూకీ' అని పత్రికే పెట్టింది. 2018 దాకా నడిపింది. ఆ పిల్ల పై చార్టు గీసిన తర్వాతే రాయడం మొదలెట్టి ఉంటే ఇప్పటికీ గీస్తూనే ఉండేది.

పేరు దగ్గరా కాసేపు రణం నడిచింది. 'ఓణీ' అని పెట్టమన్నాను. మరీ లోకల్‌గా ఉందన్నారు. హైదరాబాదులో హైదరాబాదు పిల్లలు హైదరాబాదు పిల్లల కోసం చేస్తున్న పత్రిక లోకల్‌గా ఉండకూడదట. చివరికి ఇంగ్లీషులో నాలుగక్షరాల పేరు ఖాయమైంది. అందులో అచ్చుల్లేవు. దాన్ని ఎలా పలకాలన్న విషయంలో బృందంలోనే రెండు వర్గాలున్నాయి.

తర్వాతి ఆదివారం ఫోటోలు. మా మేడ మీదే. నీళ్ళ ట్యాంకుకు తెల్ల దుప్పటి కట్టి స్టూడియో చేశారు. బృందంలో నలుగురు పిల్లలుంటే ముఖచిత్రానికి ఎవరు నిలబడాలన్నది ఎవరూ చర్చించనే లేదు. అందరిలో తెల్లగా ఉన్న పిల్ల తనంతట తానే వెళ్ళి దుప్పటి ముందు నిలబడింది, మిగతా ముగ్గురూ తమంతట తామే గొడుగూ, ఫోనూ, అట్టముక్కా పట్టుకున్నారు. 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుని 'గ్లో అండ్ లవ్లీ' అయింది కదా, క్రీము మారినంత తొందరగా మనుషులు మారాలంటే కష్టం. నల్లగా ఉన్న పిల్ల ఫోటో బాగా తీస్తుందట. అలా ఆ పిల్ల ఫోటోగ్రాఫరైంది.

మోడల్ పిల్ల బుగ్గ మీద మొటిమలున్నాయి. పదహారేళ్ళ మొహం మీద మొటిమలుండక తాటిపండ్లుంటాయా? మా పిల్ల లాప్‌టాప్‌లో ఆ బుగ్గను చితక్కొట్టి, ఇస్త్రీ చేసి, మొటిమతో పాటు పుట్టుమచ్చను కూడా లేపేసింది. దవడ కాస్త లోపలికి నొక్కింది. ఇదంతా అయ్యాక అదే లాప్‌టాప్‌లో పక్క ఫైలు తెరిచి థియరీ రాయడానికి కూర్చుంది. లారా మల్వీ 1975లో చెప్పిన మగచూపు గురించి ఒక పేజీ. తెర మీద ఆడది చూడ్డానికి పెట్టిన వస్తువైపోతుందని పిల్ల చక్కగా రాసింది, నిజం చెప్పాలంటే నా ఆరేళ్ళ శీర్షిక కన్నా బాగా రాసింది. దాని కింద జూలియా బ్లూమ్ కథ. అమెరికాలో మెయిన్ రాష్ట్రం పిల్ల, పద్నాలుగేళ్ళది, 2012లో 'సెవెంటీన్' మీదే తిరగబడింది: నెలకు ఒక్క ఫోటోల వరసైనా కంప్యూటర్‌తో చెక్కకుండా వెయ్యండి అని. ఎనభై వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. పత్రిక దిగొచ్చి, ఇకమీదట ఆడపిల్లల ఒంటినీ మొహాన్నీ మార్చబోమని ఒట్టు వేసింది. మా పిల్ల ఈ కథను గులాబీరంగు పెట్టెలో పెట్టి, కింద గీత గీసి, 'స్ఫూర్తిదాయకం' అని రాసింది.

ఒక ఫైల్లో జూలియా, పక్క ఫైల్లో నున్నటి బుగ్గ. ఇదేమిటే అన్నాను.

'అది థియరీ పిన్నీ. ఇది ప్రాక్టికల్.'

ఫోకస్ గ్రూప్ అని ఇంకో తంతుంది. ఆ వయసువాళ్ళను అయిదారుగుర్ని కూర్చోబెట్టి మాట్లాడించాలి. సరిగ్గా అప్పుడే మా తమ్ముడి కూతురు ఇంటికొచ్చింది. అది ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. విజయవాడ వైపు ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టలు. దసరాకు మూడు రోజులు వదిలారు. ఆ మూడు రోజులకూ ముప్పై రోజుల హోంవర్కిచ్చి. ఇద్దరు పిల్లలకూ వయసులో నెలన్నర తేడా. సోఫాలో ఆ చివర ఇది, ఈ చివర అది. మా పిల్ల రికార్డర్ నొక్కి, ఫ్యాషన్ అంటే నీ దృష్టిలో ఏంటి అని అడిగింది.

అది చాలాసేపు ఆలోచించింది. ఆప్షన్లు లేని ప్రశ్న చూసి దానికి ఎన్నాళ్ళైందో. 'బర్త్‌డే నాడు కలర్ డ్రెస్ వేసుకోనిస్తారు' అంది. 'మిగతా రోజులు యూనిఫామే. స్టడీ అవర్‌లో కూడా. ఆ రోజు ఎవరు కలర్ డ్రెస్‌లో వచ్చినా క్యాంపస్ మొత్తం చూస్తుంది. మా రూమ్‌మేట్ బర్త్‌డే సమ్మర్ సెలవుల్లో వస్తుంది, పాపం.' తర్వాత చెయ్యి పైకెత్తి చూపించింది. మణికట్టుకు జడ రబ్బర్‌బ్యాండు. నల్లదే కానీ అందులో ఒక్క వెండి పోగుంది. హాస్టల్లో ఆ నెల నడుస్తున్నది అదేనట. లెక్చరర్ దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనపడదట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వారంలో మూడు సెక్షన్లకు పాకింది.

ట్రెండ్ అంటే అదేనమ్మా, రాసుకో అన్నాను. మా పిల్ల రాసుకోలేదు, ఎందుకంటే రబ్బర్‌బ్యాండు నెలకు రెండు వేల లోపు గడిలో కూడా కనిపించనంత చిన్నది. మీరు పత్రికలు చదువుతారా అని తర్వాతి ప్రశ్నకెళ్ళింది. చదువుతామంది అది. ఏవి అంటే, లోపలికి బిట్లున్నవే రానిస్తారంది. తర్వాత మర్యాదకో, నిజంగానే తెలుసుకుందామనో అడిగింది: 'మీ దాంట్లో జేఈఈ బిట్లుంటాయా? ఉంటే పంపు, వార్డెన్ ఏమనరు.'

రిపోర్టులో దాన్ని 'నాన్ రీడర్' అని రాశారు.

తెలుగునాట పదిహేనుకూ పదిహేడుకూ మధ్య ఉండే వయసును మనం కాంక్రీటు గోడల మధ్య పెట్టి, పై నుంచి ర్యాంకు అనే మూత వేసి, రెండేళ్ళు మగ్గబెట్టి తీస్తాం. మెట్ల కింద పెరిగే వయసు వేరే ఉంది, దానికి 'ఇతరములు' అని పేరు. ఇక ఆ రెండూ తీసేయగా మిగిలిన గుర్రపుస్వారీ వయసొకటి ఉంది, దానికి పదహార్లు తక్కువ పడితే నలభై ఏడేళ్ళవాళ్ళు సర్దుకుంటారు. ఈ మూడూ కలిపి 'నేటి తెలుగు టీన్' అని రెండు పేజీల కథనం తయారైంది. శీర్షిక కింద బుగ్గ నిగనిగలాడుతోంది.

సమర్పణ ముందు రోజు రాత్రి మళ్ళీ నాకు ఫోన్. విషయసూచిక పేజీ అడుగున పాఠకుల ఉత్తరాల పెట్టె ఉండాలట, అదీ కన్వెన్షనేనట. మొదటి సంచికకు ముందే పాఠకుల ఉత్తరాలు ఎలా వస్తాయే అని నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదని తెనాలి సోదరికి తెలుసు. 'నీకు అలవాటే కదా పిన్నీ, మూడు రాసివ్వు' అంది.

పదకొండు దాటాక కూర్చుని రాశాను. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. మొదటిది బంజారాహిల్స్ నుంచి: మీ ముఖచిత్రం అదిరింది, ఆ లిప్‌స్టిక్ షేడ్ ఎక్కడ దొరుకుతుంది? రెండోది విశాఖపట్నం నుంచి: నేను ఇంత కాన్ఫిడెంట్‌గా ఉండటానికి మీ పత్రికే కారణం. మూడోది మెట్ల కింద కాగితం వెనక నుంచి దించాను, మాట మార్చలేదు: నాలుగు మీటర్ల గుడ్డలో లంగా, జాకెట్ రెండూ వెళ్ళాలంటే ఎట్లా పరిచి కత్తిరించాలి?

పొద్దున్నే మెసేజ్ వచ్చింది. మొదటి రెండూ సూపర్, పేజీలో పెట్టేశానంది. మూడోది తీసేసిందట. 'అది మాత్రం నువ్వే కల్పించి రాశావని తెలిసిపోతోంది పిన్నీ.'